కాడి దించాక
భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్తే, ఏరువాక రోజుల్లో పొద్దువాలేవేళ తాలిపేరు ఒడ్డున ఓ పనితనం చూడాలి. దుక్కి ముగించిన రైతు కాడి దించి, ఎడ్లను కాసేపు నీడన నిలబెడతాడు. ఒళ్లు చల్లారాకే నీళ్లలోకి దింపుతాడు. తర్వాత వరిగడ్డిని చుట్టగా మెలిపెట్టి, వెంట్రుక వాలు చూసుకుంటూ వీపు, పక్కలు, తొడలు రుద్దుతాడు. అసలు నేర్పంతా మెడ దగ్గరే. మూపురం ముందు, కాడి ఆనే చోట అరచేతిని మెల్లగా నడిపిస్తాడు. ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ వాపు మొదలైందో కంటికంటే ముందు ఆ చేతికే తెలుస్తుంది. నొప్పి ఉంటే ఎద్దు చర్మం జలదరిస్తుంది. అప్పుడిక ఒత్తడు, మర్నాడు కాడి కట్టడు. లేకుంటే కాస్త ఆముదం రాసి, బొటనవేలితో కండ వెంట నిమురుతాడు. కాసేపటికి ఎద్దు మెడ చాచి, చెవులు వాల్చి, అరమోడ్పు కళ్లతో నెమరు మొదలుపెడుతుంది. అలసట తీరిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పందెపు గుర్రాలకు మర్దన చేసే నిపుణులున్నారు. వాళ్ల విద్య గొప్పదే. ఈ రైతు చేతిలో ఉన్నదీ ఆ విద్యే. మూగజీవి కష్టాన్ని తాకి తెలుసుకునే మనిషి ఉన్న కొట్టమే చల్లని కొట్టం.