పడకలు లేని హౌస్‌లు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరం దక్షిణపు అంచున, పార్కులకు ఎదురుగా, సౌత్ టెర్రేస్ అనే వీధిలో పల్ట్నీ గ్రామర్ స్కూల్ ఉంది. 1847లో ఆంగ్లికన్ చర్చికి చెందినవాళ్లు పెట్టిన ప్రైవేటు బడి ఇది. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే చదువుతారు. హాస్టల్ లేదు, పొద్దున వచ్చిన పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. అయినా పిల్లలంతా ఏదో ఒక ‘హౌస్’కు చెందినవాళ్లే. రాత్రి ఎవరూ పడుకోని ఈ హౌస్‌ల అమరికను కాస్త విప్పి చూస్తే, ఇలాంటి బడులను తీర్చిదిద్దినవాళ్ల పనితనం తెలుస్తుంది.

ఇంగ్లండులోని పాత హాస్టల్ బడుల్లో హౌస్ అంటే నిజంగా ఇల్లే. పిల్లలు అక్కడే తినేవాళ్లు, అక్కడే నిద్రపోయేవాళ్లు. వాళ్ల మంచిచెడ్డలకు హౌస్‌మాస్టర్ పూచీ. డే స్కూల్ ఈ యంత్రాన్ని తెచ్చుకుని మంచాలూ వంటగదీ తీసేసింది. మూడు భాగాలు మాత్రం ఉంచుకుంది: ఒక పేరు, బాధ్యత వహించే ఒక పెద్ద, వయసుల కలయిక. వీటిలో అసలు బరువు మోసేది మూడోదే.

అమరిక ఇలా ఉంటుంది. హైస్కూల్ పిల్లలను కొన్ని హౌస్‌లుగా పంచుతారు. అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ సాధారణంగా ఒకే హౌస్‌లో వేస్తారు. హౌస్‌కు ఒక హెడ్ ఉంటారు. ఆయన కిందో ఆమె కిందో చిన్న చిన్న గుంపులు, గుంపుకో టీచర్. ఆ టీచర్ని కొన్నిచోట్ల ట్యూటర్ అంటారు, కొన్నిచోట్ల మెంటర్ అంటారు. చాలా బడుల్లో ఈ గుంపును తరగతి ప్రకారం కాకుండా నిలువుగా కోస్తారు. ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా ప్రతి తరగతి నుంచీ కొద్దిమంది అందులో ఉంటారు.

నేర్పంతా ఈ నిలువు కోతలోనే ఉంది. తరగతిగది ఏటా మారుతుంది, టీచరూ మారతారు. నిలువు గుంపులో అలా కాదు. ఏడాది చివర పన్నెండో తరగతివాళ్లు మాత్రమే వెళ్తారు, వాళ్ల చోట ఏడో తరగతివాళ్లు చేరతారు. మిగతావాళ్లంతా అక్కడే. పాత పెరుగే కొత్త పాలకు తోడైనట్టు, గుంపు పద్ధతులు పాతవాళ్ల నుంచి కొత్తవాళ్లకు వాటంతట అవే పాకుతాయి. లాకర్ ఎక్కడ, బస్సు తప్పితే ఎవరికి చెప్పాలి, ఏ సబ్జెక్టు ఎప్పుడు ఎంచుకోవాలి అన్నవి పెద్దపిల్లలే చెబుతారు.

పొద్దున ట్యూటర్ గదిలో జరిగే పని పైకి చాలా చిన్నది. హాజరు తీసుకోవడం, ఆనాటి ప్రకటనలు చదవడం. కానీ నాలుగేళ్లుగా చూస్తున్న పిల్ల ఇవాళ ‘ప్రెజెంట్’ అన్న గొంతులో తేడా ఉంటే ఆ టీచర్ చెవి పట్టేస్తుంది. కొత్తగా వచ్చిన లెక్కల టీచర్‌కు అది అందదు. హాజరుపట్టీ ఇక్కడ లెక్క రాసే కాగితం మాత్రమే కాదు, నాడి చూసే వేలు కూడా.

ఈత పోటీల్లో ఇంకో చిన్న ఏర్పాటు కనిపిస్తుంది. గెలిచినవాళ్లకు పాయింట్లు ఇవ్వడం మామూలే. చాలా బడుల్లో నీళ్లలో దిగి అవతలి గట్టు చేరినందుకు కూడా హౌస్‌కు ఒక పాయింటు కలుస్తుంది. ఆ ఒక్క పాయింటుతో, ఈత అంతంతమాత్రం వచ్చిన పిల్లవాడు కూడా హౌస్‌కు కావలసినవాడవుతాడు.

ట్యూటర్ చూపు నుంచి తప్పిపోయేవాళ్ల కోసం చాప్లిన్ ఉంటారు. ఇలాంటి బడుల్లో ఆ పదవిలో సాధారణంగా చర్చి అభిషేకం పొందిన పాదిరీ ఉంటారు. ప్రార్థనకూడిక నడపడంతోపాటు, ఏ మతం పిల్లలైనా వచ్చి గోడు చెప్పుకునేందుకు వీలుగా ఉండడం ఆ ఉద్యోగంలో భాగం.

వీటన్నిటికీ టీచర్ల సమయం కావాలి, సమయానికి డబ్బు కావాలి. ఫీజులతోపాటు ప్రభుత్వ సాయమూ ఈ బడులకు అందుతుంది. ఆ బడి పిల్లల తల్లిదండ్రుల ఆదాయాన్నిబట్టి, ఒక్కో పిల్లవాడి పేర బడికి ఇచ్చే మూలమొత్తంలో 10 నుంచి 80 శాతం దాకా కోత పడుతుంది. ఆ సాయం తీసుకునే బడి లాభం కోసం నడవకూడదని అక్కడి చట్టం.

హౌస్‌లు మనకు కొత్తేం కాదు. ఈటన్ నమూనాలో 1923లో బేగంపేటలో మొదలైన జాగీర్దార్ కాలేజీ, అంటే నేటి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, వాటిని ఎప్పుడో తెచ్చుకుంది. కేంద్రీయ విద్యాలయాల్లోనూ ఉన్నాయి. కానీ మన చాలా బడుల్లో హౌస్ అంటే స్పోర్ట్స్ డే నాటి టీషర్టు రంగే. రంగు వచ్చింది, పూచీపడే పెద్ద రాలేదు. మీ పిల్లలను బడిలో చేర్చేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూడడంతో సరిపెట్టకండి. వరసగా నాలుగేళ్లు మా పిల్లను ఎరిగి ఉండే టీచర్ ఎవరని అడగండి.