ఒకే కంప్యూటర్‌లో రెండో డెస్క్‌టాప్

లినక్స్, బీఎస్‌డీ వంటి యూనిక్స్ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో డెస్క్‌టాప్‌ను చూపించేది కూడా ఒక మామూలు ప్రోగ్రామే. దాని పేరు ఎక్స్ సర్వర్. తెర మీద గీయడం, మౌసు ఎటు కదిలిందో ఏ మీట నొక్కారో కనిపెట్టి చెప్పడం దాని పని. బ్రౌజరు, ఫైల్ మేనేజరు, విండోల అంచులు గీసే విండో మేనేజరు ఇవన్నీ దానికి క్లయింట్లు. ఇక్కడ గీత గీయమనీ అక్కడ అక్షరం పెట్టమనీ అవి సర్వర్‌ను అడుగుతాయి తప్ప తెరను నేరుగా ముట్టుకోవు. సర్వర్ కూడా ప్రోగ్రామే కనుక ఒకటి నడుస్తుండగా మరొకటి మొదలుపెట్టవచ్చు. మొదటిది 1920×1080 చుక్కలతో నడుస్తుంటే రెండోది 1024×768తో నడుస్తుంది. విండో మేనేజరు, భాష, అక్షరాల పరిమాణం దేనివి దానివే.

ఈ పద్ధతి 1984లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైంది. అక్కడి అథీనా ప్రాజెక్టులో వేర్వేరు కంపెనీల కంప్యూటర్లు ఉండేవి. ఒక యంత్రంలో నడిచే ప్రోగ్రాము మరో యంత్రం తెర మీద కనబడాలన్నది అక్కడి అవసరం. బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ తదితరులు దాన్ని తీర్చిదిద్దారు. 1987లో వచ్చిన పదకొండో రూపం, అంటే ఎక్స్11, ఇప్పటికీ వాడుకలో ఉంది. తెర ఎక్కడుందో, ఎంత ఉందో ప్రోగ్రాము ముందే తెలుసుకోనక్కర్లేదన్న నియమం ఆ రోజుల్లోనే స్థిరపడింది. రెండో సర్వర్ మీద నడిచే రెండో సెషన్ ఆ నియమానికి ఉపఫలం. దానికోసమని ఎవరూ వేరే సౌకర్యం కట్టలేదు.

ప్రతి సర్వర్‌కూ ఒక డిస్‌ప్లే సంఖ్య ఉంటుంది. మొదటిది 0, రెండోది 1. నెట్‌వర్క్ మీద అయితే 6000కు ఈ సంఖ్యను కలిపితే పోర్టు వస్తుంది. నేటి డిస్ట్రిబ్యూషన్లు భద్రత కోసం ఆ పోర్టును మూసే ఉంచుతాయి. ఏ ప్రోగ్రాము ఏ సర్వర్ మీద తెరుచుకోవాలో డిస్‌ప్లే అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చెబుతుంది. దాని విలువను :1 చేసి టెర్మినల్ నుంచి బ్రౌజరును పిలిస్తే అది రెండో తెర మీద ప్రత్యక్షమవుతుంది. రెండో సెషన్ మెలకువలన్నీ ఈ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతాయి.

రెండో రిజల్యూషన్ కోసం రెండో సర్వర్ దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందంటే, దానికి పాత కారణం ఒకటుంది. ఎక్స్‌ఫ్రీ86 అనే పాత ఎక్స్ సర్వర్ కాలంలో కంట్రోల్, ఆల్ట్‌లతో పాటు అంకెల మీటల పక్కనున్న కూడిక గుర్తు నొక్కితే మానిటర్ మోడ్ మారేది. డెస్క్‌టాప్ పరిమాణం మాత్రం మారేది కాదు. 1024×768 డెస్క్‌టాప్‌లో 640×480 ముక్క మాత్రమే కనబడేది, మిగతాది చూడాలంటే మౌసును అంచుకు తోయాలి. డెస్క్‌టాప్ నిజంగా చిన్నది కావాలంటే ఇంకో సర్వరే దారి. 256 రంగులు తప్ప ఎరగని పాత ప్రోగ్రాములకు కూడా అదే మందు: రెండో సర్వర్‌ను 8 బిట్ల రంగులతో మొదలుపెట్టేవారు. నడుస్తున్న సర్వర్‌లోనే పరిమాణం మార్చే రాండర్ అనే ఎక్స్‌టెన్షన్ 2003 నాటి ఎక్స్‌ఫ్రీ86 4.3తో వాడుకలోకి వచ్చింది. అది వచ్చాక రెండో సర్వర్ తప్పనిసరి కాకుండా పోయింది. అయినా ప్రతిసారీ విండోలు చెల్లాచెదురు కాకుండా రెండు అమరికలు రెండు చోట్ల చెక్కుచెదరకుండా ఉండాలనుకునేవారికి పాత దారే మేలు.

ఆ పాత దారి వర్చువల్ టెర్మినల్ మీదుగా పోతుంది. లినక్స్ కెర్నల్ ఒకే కీబోర్డు, ఒకే మానిటర్ మీద చాలా టెర్మినళ్లను చూపగలదు. కంట్రోల్, ఆల్ట్ నొక్కిపట్టి ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 మీటలతో ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు. ఖాళీ టెర్మినల్‌లో లాగిన్ అయి స్టార్ట్‌ఎక్స్ ఆదేశం ఇస్తే రెండో సర్వర్ లేస్తుంది. ఆ ఆదేశంలో జంట అడ్డగీతలకు ముందున్నది క్లయింటుకూ తరవాతున్నది సర్వర్‌కూ చెందుతుంది. డిస్‌ప్లే సంఖ్య, టెర్మినల్ సంఖ్య గీతల తరవాతే రావాలి. కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

రిజల్యూషన్‌ను అక్కడే చెప్పే వీలు ఈ సర్వర్‌లో లేదు. రెండు మార్గాలున్నాయి. సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైలులో రెండు లేఅవుట్లు రాసి, మొదలుపెట్టేటప్పుడు కావలసినదాని పేరు చెప్పడం ఒకటి. సెషన్ మొదలయ్యే స్క్రిప్టులో ఎక్స్‌రాండర్ ఆదేశం పెట్టడం రెండోది, తేలికైనది కూడా. కావలసిన మోడ్ జాబితాలో లేకపోతే సీవీటీ ఆదేశంతో లెక్క కట్టించి, వచ్చిన వరుసను ఎక్స్‌రాండర్‌కు కొత్త మోడ్‌గా అందించాలి. తరగతి గదుల్లో ప్రొజెక్టర్లు ఈ పని తరచూ పెడతాయి. తమ సామర్థ్యమేమిటో మానిటర్లు కేబుల్ ద్వారానే కంప్యూటర్‌కు చెబుతాయి. నాసిరకం వీజీఏ కేబులో, స్ప్లిటరో ఆ సమాచారాన్ని మింగేస్తే సర్వర్ 1024×768 వంటి ఏదో ఒక మోడ్‌తో సరిపెట్టుకుంటుంది.

టెర్మినల్ మారినప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. కెర్నల్ గ్రాఫిక్స్ పరికరాన్ని ఒక సర్వర్ నుంచి తీసుకుని మరోదానికి అప్పగించి, దాని మోడ్‌ను అమర్చే సమయమది. 2009లో కెర్నల్ 2.6.29తో ఆ అమరిక పని కెర్నల్ చేతికి రావడం మొదలైంది. అంతకుముందు సర్వరే నేరుగా చేసుకునేది, మారేటప్పుడు యంత్రం బిగుసుకుపోవడం అరుదు కాదు. వెనక్కి వెళ్లిన సెషన్‌లో ప్రోగ్రాములు ఆగవు. డౌన్‌లోడ్ సాగుతూనే ఉంటుంది, తెర మీదికి గీయడం ఒక్కటే నిలిచిపోతుంది.

ఒకే యూజరు పేరుతో రెండు పూర్తి డెస్క్‌టాప్‌లు తెరవడం మాత్రం మంచిది కాదు. గ్నోమ్ వంటివి యూజరుకు ఒక్కటే సందేశ మార్గం ఉంటుందనుకుంటాయి, రెండోది తెరిస్తే రెండూ తికమక పడతాయి. ఒకే ప్రొఫైలును రెండు చోట్ల తెరవబోతే ఫైర్‌ఫాక్స్ ఒప్పుకోదు. రెండో సెషన్‌కు రెండో యూజరును సృష్టించడం లేదా ఐస్‌డబ్ల్యూఎం, ఓపెన్‌బాక్స్ వంటి తేలికపాటి విండో మేనేజరుతో సరిపెట్టుకోవడం ఉత్తమం.

రెండో సెషన్ తెరవడానికి రెండో మార్గం విండోలో విండో. ఎక్స్‌నెస్ట్, జెఫిర్ అనే సర్వర్లు మొదటి సెషన్‌లో ఒక విండోగా తెరుచుకుని, తమలోని ప్రోగ్రాములకు మాత్రం సొంత తెరలా కనబడతాయి. పాతదైన ఎక్స్‌నెస్ట్ గీత పనంతా బయటి సర్వర్‌కే అప్పజెబుతుంది. జెఫిర్ తన జ్ఞాపకంలోనే గీసుకుని ఫలితాన్ని విండోలో చూపిస్తుంది, అందువల్ల కొత్త ఎక్స్‌టెన్షన్లూ దానిలో పనిచేస్తాయి. దీనికి పరిమాణాన్ని ఆదేశంలోనే 800×600 అని చెప్పేయవచ్చు. కంట్రోల్, షిఫ్ట్ కలిపి నొక్కితే కీబోర్డూ మౌసూ ఆ విండోకే కట్టుబడతాయి, మళ్లీ నొక్కితే విడుదల. చిన్న తెరలో తన ప్రోగ్రాము ఎలా ఉంటుందో చూసుకునే డెవలపర్‌కు ఇంతకన్నా చౌకైన పరీక్షశాల లేదు.

అయితే ఈ రెండు మార్గాల్లో రిజల్యూషన్ అన్న మాటకు ఫలితం ఒకటి కాదు. జెఫిర్‌లో 800×600 అంటే చోటు తగ్గుతుంది, చుక్క పరిమాణం అదే. మానిటర్‌నే 800×600కు మారిస్తే చుక్క పెద్దదై అక్షరం కూడా పెద్దదవుతుంది. పాత సీఆర్‌టీ మానిటర్ ఏ మోడ్‌లోనైనా చెప్పుకోదగ్గ స్పష్టత ఇచ్చేది. ఎల్‌సీడీకి ఒకే సహజ రిజల్యూషన్ ఉంటుంది. 1366×768 ల్యాప్‌టాప్ తెరను 1024×768లో నింపితే అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. తెలుగుకు ఈ నష్టం రోమన్ లిపికన్నా ఎక్కువ. గుడులు పైన, వత్తులు కింద చేరడంతో 'స్త్రీ' వంటి అక్షరం నిలువునా చాలా చుక్కలు కోరుతుంది. 'థ' నడుమ చుక్క పూడుకుపోతే అది 'ధ' అయి కూర్చుంటుంది. అందుచేత చూపు తగ్గినవారి కోసం రెండో సెషన్ పెట్టదలిస్తే, మానిటర్‌ను సహజ రిజల్యూషన్‌లోనే ఉంచి ఆ సెషన్‌లో డీపీఐని, అంటే అంగుళానికి చుక్కల లెక్కను, 96 నుంచి 144కు పెంచడమే సరైన పని. ఎక్స్‌ఆర్‌డీబీ ఆదేశం ద్వారా ఇచ్చే ఈ విలువ ఆ సర్వర్‌కే అంటుకుని ఉంటుంది, పక్క సెషన్‌ను కదపదు.

భాష కూడా సెషన్‌తోనే పోతుందన్న సంగతి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాలో అక్కరకొచ్చేది. 2007లో కోలారు జిల్లా నుంచి విడివడిన ఈ జిల్లాలో, ముఖ్యంగా ఆంధ్ర సరిహద్దునున్న బాగేపల్లిలోనూ చింతామణిలోనూ ఇంటి మాట తెలుగు, బడీ కచేరీ కన్నడం. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన కైవార తాతయ్య రెండు భాషల్లోనూ పాటలు కట్టినవాడు. ఇక్కడ తెలుగు పాటను కన్నడ లిపిలో రాసుకుని పాడుకోవడం వింతేమీ కాదు. ఇలాంటి చోట ఒక కంప్యూటర్‌లో ఇద్దరు యూజర్లను పెట్టి, ఒక సెషన్‌కు కన్నడ లొకేల్, మరోదానికి తెలుగు లొకేల్ ఇవ్వవచ్చు. ఒకదానిలో కరపత్రం పేజీ కూర్పుకు పూర్తి రిజల్యూషన్, రెండోదానిలో పెద్దక్షరాల తెలుగు మెనూలు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక కనుక రెండు సెషన్లలోనూ 'ప'కు హెచ్ మీటే, 'ర'కు జే మీటే. వేళ్లు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. యూనికోడ్‌లో కూడా తెలుగు అక్షరానికీ సాటి కన్నడ అక్షరానికీ మధ్య తేడా సరిగ్గా 128. ఒక సెషన్‌లో దిద్దిన తెలుగు పాటను కన్నడ లిపిలోకి మార్చే ప్రోగ్రాము చాలా మేరకు ఆ ఒక్క కూడికే.

మూడో మార్గంలో మానిటరే ఉండదు. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి, ఒరాకిల్ పరిశోధనశాలలో పుట్టిన వీఎన్‌సీ గీసినదంతా జ్ఞాపకంలో ఉంచి, అడిగినవారికి నెట్‌వర్క్ మీద పంపుతుంది. మొదలుపెట్టేటప్పుడే 1280×720 అని పరిమాణం చెప్పవచ్చు. డిస్‌ప్లే 1కి పోర్టు 5901. కనెక్షన్ తెగినా సెషన్ అలాగే ఉంటుంది. బెంగళూరులో వదిలిన పనిని చింతామణి నుంచి అదే విండోల అమరికతో అందుకోవచ్చు, నెట్ నెమ్మదిగా ఉంటే చిన్న రిజల్యూషన్ ఎంచుకుని పంపవలసిన చుక్కలు తగ్గించవచ్చు. ఎక్స్11వీఎన్‌సీ అన్న పేరు దగ్గర జాగ్రత్త అవసరం, అది ఉన్న తెరను చూపిస్తుంది తప్ప కొత్త సెషన్‌ను తెరవదు. సంప్రదాయ వీఎన్‌సీ పాస్‌వర్డులో ఎనిమిది అక్షరాలకు మించి లెక్కలోకి రావు, పంపేదానికి రహస్య సంకేతీకరణ ఉండదు. ఎస్ఎస్‌హెచ్ సొరంగం గుండా తప్ప దాన్ని బయటి నెట్‌వర్క్‌కు తెరవకూడదు.

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ అనే కొత్త పద్ధతి ఈ చిత్రాన్ని మార్చింది. అందులో సర్వరూ విండోలను కూర్చే ప్రోగ్రామూ ఒకటే, దాన్ని కంపోజిటర్ అంటారు. రెండో సెషన్ అంటే రెండో కంపోజిటర్ అన్నమాట. వెస్టన్ అనే కంపోజిటర్ మరో సెషన్ లోపల విండోగా నడవగలదు. వాల్వ్ కంపెనీ గేమ్‌స్కోప్ ఒక్క ఆటకే సొంత రిజల్యూషన్ ఇచ్చి, ఫలితాన్ని సాగదీసి తెర నింపుతుంది. 2025లో వచ్చిన గ్నోమ్ 49 ఎక్స్11 సెషన్‌ను మామూలు అమరికలో నిలిపివేసింది. పాత క్లయింట్ల కోసం ఎక్స్‌వేలాండ్ మాత్రం ఉంచింది కనుక జెఫిర్ విండో అక్కడ కూడా తెరుచుకుంటుంది.