పాలతో కడిగిన పీట: విరూఢకుడికి మారుమనసు ఉందా?

జపాన్ బొమ్మల కథల్లో, అంటే మాంగాల్లో, విలన్‌కి కూడా ఒక గతం ఉంటుంది. వాడికి జరిగిన అన్యాయం చూపిస్తారు. మనం వాడి మీద జాలిపడేట్టు చేస్తారు. ఆ తర్వాత వాడి చేత ఊళ్ళు తగలబెట్టిస్తారు. ఇక వీడు మారతాడా, వీడిని క్షమించొచ్చా అని చదివే పిల్లలు గంటల తరబడి వాదించుకుంటారు. మన హాస్టళ్ళలో పిల్లలు కూడా ఇవి చదువుతున్నారు. పొద్దుపోని వ్యవహారమని కొట్టిపారెయ్యడానికి లేదు. అన్యాయానికి గురైనవాడే దుర్మార్గుడైతే వాడిని ఎట్లా చూడాలనేది మన ప్రశ్న కూడా.

ఈ ప్రశ్నని కులం దగ్గర నిలబెట్టిన మాంగా ఒకటుంది. అది తెజుకా ఒసాము 1972 నుంచి 1983 దాకా ధారావాహికగా గీసిన 'బుద్ధ'. ఇంగ్లీషులో ఎనిమిది సంపుటాలుగా దొరుకుతుంది. ఇందులో కులం వెనకాల వేలాడదీసిన తెర కాదు. మొదటి సంపుటంలోనే సిద్ధార్థుడి కంటే ముందు మనకి ఒక శూద్ర బానిస పిల్లాడు చాప్రా, ఒక చండాల పిల్లాడు తత్తా ఎదురవుతారు. నేను మాట్లాడదలుచుకున్నది మాత్రం కోసల రాజు ప్రసేనజిత్తు కొడుకు విరూఢకుడి గురించి. పాళీ గ్రంథాల్లో ఇతనే విడూడభుడు. శాక్యులను నాశనం చేసినవాడిగా ఇతని పేరు నిలిచిపోయింది.

ఆ పాత కథ ముందు తెలుసుకోవాలి. ధమ్మపద అట్ఠకథలోనూ భద్దసాల జాతకంలోనూ ఇది ఉంది. ప్రసేనజిత్తు శాక్యుల పిల్లని అడిగాడు. ఇవ్వకపోతే యుద్ధం, ఇస్తే వంశం మైలపడుతుంది. శాక్య మహానాముడికి నాగముండ అనే దాసి వల్ల పుట్టిన కూతురుంది, పేరు వాసభఖత్తియ. ఆ పిల్లని రాజకుమార్తె అని చెప్పి పంపించారు. ఆమె కన్నకొడుకే విడూడభుడు. పదహారేళ్ళప్పుడు తాతగారి ఊరు కపిలవస్తుకి పోయాడు. వాడికి మొక్కాల్సి వస్తుందని వాడికంటే చిన్నవాళ్ళయిన శాక్య పిల్లలందర్నీ ముందే ఊరు దాటించారు. వాడు తిరిగిపోగానే వాడు కూర్చున్న పీటని పాలు కలిపిన నీళ్ళతో కడిగించారు. కడిగింది ఒక దాసి. దాసీకొడుకు కూర్చున్న పీట అని తిట్టుకుంటూ కడిగింది. మర్చిపోయిన ఆయుధం కోసం వెనక్కొచ్చిన సైనికుడొకడు అది విన్నాడు. సంగతి వాడి చెవినపడింది. రాజునయ్యాక ఆ పీటని వీళ్ళ గొంతు నెత్తురుతో కడుగుతానని వాడు ప్రతిజ్ఞ పట్టాడు, అన్నంత పనీ చేశాడు.

పాలతో కడగడం మనకి కొత్త విషయమా? 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగాక ఆ ఊరి సవర్ణులు పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపిన కుండలతో చెరువుని శుద్ధి చేసుకున్నారు. పీటకీ చెరువుకీ మధ్య వేల ఏళ్ళు గడిచినా పద్ధతి మారలేదు. మహద్‌లో మనవాళ్ళు కత్తి పట్టలేదు, చట్టం పట్టారు. విడూడభుడి చేతిలో రాజ్యం ఉంది కాబట్టి వాడు కత్తి పట్టాడు.

అయితే ఆ కత్తి ఎవరి తరపున లేచింది? ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. పీట కడిగిన మనిషి కూడా దాసే. ఆమె గురించి విడూడభుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన తల్లి గురించీ ఆలోచించలేదు. నన్ను దాసీకొడుకు అంటారా అన్నదే వాడి కోపం. దాసి అనే మాట తిట్టు ఎట్లా అయింది అన్న కోపం వాడికి లేదు. మన పౌరాణికాల్లో కర్ణుడున్నాడు. అందరూ సూతపుత్రుడన్నవాడు చివరికి క్షత్రియుడని తేలుతుంది. అందుకే వాడి కోసం హాలు మొత్తం ఏడుస్తుంది. విడూడభుడు తిరగేసిన కర్ణుడు. క్షత్రియుడనుకున్నవాడు దాసీకొడుకని తేలాడు. వీడి కోసం ఎవరూ ఏడవలేదు. జాలి కూడా కులం చూసే పుడుతుందన్నమాట.

తెజుకా గొప్పతనమంతా ఇతని కోసం ఏడ్చే చోటు వెతకడంలో ఉంది. అతని విరూఢకుడు తల్లి దాసి అని తెలిశాక ఆమెని బానిసల వాడకి పంపించేస్తాడు. చివరికి ఆ తల్లి చావు కూడా అతని చేతుల మీదుగానే జరుగుతుంది. శాక్యుల్ని చంపడానికి ముందే అతను చంపుకున్నది కన్నతల్లిని. మొదటి సంపుటంలో చాప్రాని గుర్తు చేసుకోండి. వాడూ కోసలవాడే, వాడూ బానిస తల్లి కొడుకే. పుట్టుక దాచిపెట్టి సేనాపతికి పెంపుడు కొడుకయ్యాడు. సంగతి బయటపడ్డాక తల్లిని వదిలెయ్యలేదు, ఆమెతో కలిసి చచ్చాడు. తల్లిని పట్టుకున్నవాడికి చావు దొరికింది, తల్లిని తోసేసినవాడికి సింహాసనం దొరికింది. ఈ లెక్క రాసింది విరూఢకుడు కాదు, కోసల, కపిలవస్తు కలిసి రాశాయి. ఇద్దరు కొడుకుల్ని పక్కపక్కన పెట్టి చదివితే విలన్ ఎక్కడ తయారయ్యాడో తెలిసిపోతుంది.

మరి వాడికి మార్పు ఉందా? మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి ప్రాయశ్చిత్తం. అది ధర్మశాస్త్రాల మాట, మైల కడుక్కునే మాట, పీట కడిగినవాళ్ళ మాట. అది మనకి పనికిరాదు. రెండోది మారుమనసు. మన పల్లెల్లో చర్చికి పోయే ముసలమ్మలందరికీ తెలిసిన మాట. మనసు తిరగాలి, తిరిగి ఎటు పోవాలి? తెజుకా విరూఢకుణ్ణి రాక్షసుడిగా వదిలెయ్యకుండా బుద్ధుడి ఎదుట నిలబెట్టి అతని లోపలి బాధని బయటికి తీస్తాడు. అది మంచిదే, కానీ చాలదు. బుద్ధుడూ శాక్యుడే. తప్పు ఒప్పుకోవాల్సిన బరువంతా దాసీకొడుకు మీదే పడి, మోసం చేసి పిల్లనిచ్చినవాళ్ళు బాధితులుగా మాత్రమే మిగిలితే ఆ మారుమనసు సగమే.

జపాన్‌లోనే దీనికి సాక్ష్యం ఉంది. అక్కడి అంటరానివాళ్ళు బురాకు ప్రజలు. 1871లో ప్రభుత్వం వాళ్ళ హీనస్థితి రద్దయిందని ప్రకటించింది, మనుషులు మాత్రం మారలేదు. షిమజాకి తోసోన్ 1906లో రాసిన 'హకాయ్' నవలలో కులం దాచుకున్న టీచరు చివరికి పిల్లల ముందు మోకాళ్ళ మీద పడి, ఇన్నాళ్ళు దాచినందుకు క్షమించమంటాడు. పుట్టినందుకు క్షమాపణా! 1922 మార్చి 3న క్యోటోలో పుట్టిన సుయిహెయ్‌షా సంఘం ఆ మోకాళ్ళని లేపి నిలబెట్టింది. ఏ పేరుతో తిట్టారో ఆ పేరునే గర్వంగా చెప్పుకునే కాలం వచ్చిందని తన ప్రకటనలో చాటింది. విరూఢకుడి మనసు తిరగాల్సిన దిక్కు ఇదే. తల్లిని తోసేసిన ఆ బానిసల వాడ దిక్కు. నేను దాసీకొడుకుని అని చెప్పగలిగిన రోజు వాడి కత్తికి పని ఉండదు.

దీనర్థం శాక్యుల ఊచకోతని సమర్థించడం కాదు. పీట కడిగించిన పెద్దల పాపానికి పాలు తాగే పిల్లల్ని కోసినవాణ్ణి మనవాడని భుజాన వేసుకోలేం. అవమానం కారణం అవుతుంది, లైసెన్సు కాదు. పాళీ కథలో వాడూ వాడి సైన్యమూ అచిరవతి నదిలో రాత్రికి రాత్రి కొట్టుకుపోతారు. చచ్చిన శాక్యులు పూర్వజన్మలో నదిలో విషం కలిపారట, అందుకే ఆ చావట. అంబేద్కర్ ఒప్పుకోని పూర్వజన్మ కర్మ ఇదే. ఈ జన్మలో, అందరి కళ్ళ ముందు జరిగిన పీట కడుగుడు చాలదని ఏ జన్మలోదో తవ్వుకొచ్చారు.

ఆ అట్ఠకథలోనే ఎవరూ పట్టించుకోని ఒక చోటుంది. చంపడం అయిపోయాక విడూడభుడు బతికున్న తాత మహానాముణ్ణి కలిసి అన్నం తిందాం రమ్మంటాడు. కథ మొత్తంలో వాడు చెయ్యి చాపింది ఆ ఒక్కసారే. అది ప్రేమో, పంతమో చెప్పలేం. తాత ఏం చేశాడు? దాసీకొడుకుతో తినడం కంటే చావు నయమనుకుని, స్నానం చేసొస్తానని చెప్పి చెరువులో దూకాడు. ఈ పెద్దమనిషే ఒకప్పుడు కోసల దూతల ముందు కూతురితో కలిసి తిన్నట్టు నటించి, ఉత్తరం వచ్చిందన్న వంకతో ముద్ద తప్పించుకున్నాడు. అంత నెత్తురు పారాక కూడా ఆయన మనసు ఒక ముద్ద దూరం కదల్లేదు.

అందుకని విలన్ మారతాడా అని అడిగేవాళ్ళని మనం రెండు ప్రశ్నలు అడగాలి. వాడు తల్లి దగ్గరికి తిరిగి పోతాడా? తాత వాడితో కూర్చుని తింటాడా? మొదటిది విరూఢకుడి పని. మన చదువుకున్న పిల్లల పని కూడా. ఊరు దాటగానే ఇంటిపేరు మింగేసేవాళ్ళు, అమ్మ హాస్టల్‌కి వస్తే ఎవరో పనిమనిషి అని చెప్పేవాళ్ళు ఈ కథని రెండుసార్లు చదవాలి. రెండోది మన చేతిలో లేదు. దానికి జవాబు చెప్పాల్సినవాళ్ళు పళ్ళెం ముందు కూర్చునే ఉన్నారు.