బోరు షెడ్డులో వంద వాట్ల బల్బు

డాలస్ నుంచి ఉత్తరంగా కారులో గంటసేపు పోతే టౌను నీళ్ళ లైను ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఎవరి బోరు వాళ్ళదే. రెండెకరాలో అయిదెకరాలో కొనుక్కుని ఇటు వచ్చే తెలుగువాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. ఇల్లు చూస్తారు, బడి చూస్తారు, వాస్తు చూస్తారు. పెరటి మూలనున్న రేకుల షెడ్డు తలుపు మాత్రం తీసి చూడరు. ఇంట్లోకి వచ్చే ప్రతి చుక్కా అందులోంచే రావాలి.

మా షెడ్డులో పెద్ద సరంజామా ఏమీ లేదు. బోరు మూతి, అందులోంచి పైకొచ్చిన పైపు, ఎల్బో, నీలం రంగు ప్రెషర్ ట్యాంకు, దాని మొదట్లో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన ప్రెషర్ స్విచ్, ఒక ఫిల్టరు. మా మామగారు ప్రకాశం జిల్లాలో జీవితమంతా బోర్లతో వేగిన మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు ముందుగా ఇంటి కప్పు వైపు చూసి, “ట్యాంకేదయ్యా?” అన్నారు. “ఇదే మామయ్యగారూ” అంటే నమ్మలేదు. మన మేడ మీద ట్యాంకుకు ఎత్తు చేసిపెట్టే పనిని ఇక్కడ గాలి చేస్తుంది. ట్యాంకు లోపల రబ్బరు సంచిలో నీళ్ళు, దాని చుట్టూ బిగించిన గాలి. ఒత్తిడి 40కి దిగితే స్విచ్ మోటారు వేస్తుంది, 60కి ఎక్కితే కట్టేస్తుంది. అదంతా విని తలూపారు. తర్వాత పైన వేలాడుతున్న బల్బు చూశారు. చలికాలం పైపులు గడ్డకట్టకుండా అని చెప్పాను.

“కరెంటు పోతేనో?”

టెక్సస్ వాళ్ళకు ఏళ్ళ తరబడి తట్టని ప్రశ్న అది. కోతల్లో పెరిగినవాడికి నోటి చివరే ఉంటుంది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున గ్రిడ్ కుప్పకూలకుండా కరెంటు కోయడం మొదలుపెట్టారు. మర్నాడు డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. ఇళ్ళూ దుకాణాలూ కలిపి 45 లక్షల పైచిలుకు కనెక్షన్లు చీకట్లో ఉన్నాయి. సర్కారు లెక్కల్లోనే 246 మంది పోయారు. బోర్ల మీద బతికేవాళ్ళకు దెబ్బ మీద దెబ్బ. బల్బు ఆరింది, మోటారూ ఆగింది. కుళాయి సన్నగా వదిలిపెట్టండి అని టీవీలో చెబుతున్నారు. వదలడానికి నీళ్ళేవి?

మాకన్నా ఎంతో చలి ఉండే మిన్నెసోటాలో ఇట్లా ఉండదు. అక్కడ పునాదులే దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతుకు దించాలని నియమం. నేల అంత లోతు వరకూ బిగుసుకుపోతుందన్న లెక్క అది. బోరు కేసింగ్‌ మాత్రం నేలమీద అడుగెత్తు కనిపిస్తుంది. నీళ్ళ లైను మంచు దిగని లోతులోనే, పిట్‌లెస్ అడాప్టర్ అనే ఇత్తడి ముక్క దగ్గర కేసింగ్‌లోంచి పక్కకు తిరిగి, భూమిలోంచే ఇంటి బేస్‌మెంటుకు చేరుతుంది. ట్యాంకూ స్విచ్చూ అక్కడే. బల్బుతో పని లేదు, కరెంటు పోయినా లైనుకు దుప్పటి నేలే. మా దగ్గర నేల గట్టిపడేదే అరుదు, అదీ పై పైనే. అందుకని మొత్తం నేల మీద పెట్టి పైన రేకు కప్పారు. చవకలో పనైపోయింది.

అట్లాగని ఉన్న బోరు పీకి మళ్ళీ వేయించుకోలేం. షెడ్డుని బాగుచేసుకోవాలి. ఇక్కడ చాలామంది గోడలకు థర్మాకోల్ పలకలు కొట్టి, కిందా పరిచేస్తారు. కింద పరచకూడదు. అడుగున ఉన్న మట్టి డిసెంబరులోనూ వెచ్చగానే ఉంటుంది. ఇక్కడి నేల కిందున్న ట్రినిటీ నీటిపొర నుంచి వచ్చే నీళ్ళూ అంతే, తెల్లవారుజామున చేయి పెడితే గోరువెచ్చగా తగులుతాయి. ఆ వెచ్చదనం పైకి రావాలి, గోడల్లోంచీ కప్పులోంచీ పోకూడదు. రేకుకీ నేలకీ మధ్య సందుల్లోంచి కొట్టే ఉత్తరపు గాలి పలకలన్నిటినీ దండగ చేస్తుంది. ముందు ఆ సందులు పూడ్చాలి. పైపులకు నురుగు తొడుగులు వేసేవాళ్ళు నిటారు పైపుకు అందంగా తొడిగి, ఎల్బో దగ్గర వదిలేస్తారు. చలి వెతుక్కునేది ఆ చోటే.

ఇక బల్బు. పాతకాలపు వంద వాట్ల బల్బు వెలుగు పేరు చెప్పి వేడి ఇచ్చేది. మామూలు ఫిలమెంటు బల్బుల అమ్మకం అమెరికాలో 2023 ఆగస్టు నుంచి దాదాపు ఆగిపోయింది. పాతది మాడిపోతే జనం ఎల్‌ఈడీ బిగించి, వెలుగుతోంది కదా అని నిశ్చింతగా పడుకుంటున్నారు. దానికి పైపు కాచేంత వేడి లేదు. కోళ్ళ ఫారాల ఎర్రబల్బు పెడితే వేడి ఉంటుంది కానీ, థర్మాకోల్‌కి ఆనిందా, షెడ్డే అంటుకుంటుంది. చలి 35 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగితే వెలిగి 45కి ఆరే థర్మోస్టాట్ ప్లగ్గుతో, పైపుకు చుట్టే హీట్ కేబుల్ వాడటం మేలు. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడకూడదు. ఎలుకలు కొరుకుతాయి, ఏటా చూసుకోవాలి. ఇదీ కరెంటుదే కాబట్టి నా లెక్కలో దీనిది రెండో స్థానమే.

షెడ్డులో ముందుగా గడ్డకట్టేది పెద్ద పైపు కాదు, ప్రెషర్ స్విచ్ కిందున్న పావు అంగుళం గొట్టం. చిటికెన వేలు పట్టదు. అందులో నీళ్ళు కదలవు, గట్టిగా ఓ చెంచాడు ఉంటాయేమో. అది బిగుసుకుంటే స్విచ్‌కి ట్యాంకు సంగతి తెలియదు. ఒత్తిడి నిండుగా ఉన్నప్పుడు గడ్డకడితే మోటారు ఇక లేవదు. తక్కువలో ఉన్నప్పుడు గడ్డకడితే ఇక ఆగదు. రెండోదే ప్రమాదం, అందుకే రిలీఫ్ వాల్వ్ లేని ట్యాంకుని నేను నమ్మను. అన్ని తొడుగులూ అయ్యాక మిగిలిన ముక్క ఆ గొట్టానికి చుడతారు మామూలుగా. చుట్టడం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

పైపు పగలడం గురించీ ఒక మాట. గడ్డకట్టిన చోటే పగులుతుందనుకుంటాం. మంచు నీళ్ళకన్నా తొమ్మిది శాతం ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ గడ్డ ముందుకు జరుగుతూ, దానికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీళ్ళని నొక్కుతుంది. పగిలేది చాలాసార్లు ఆ మధ్యనే. కుళాయి సన్నగా వదలమనేది అందుకు, ఆ ఒత్తిడికి దారి ఉండాలి. కరెంటు పోయి మోటారు ఆగినప్పుడూ కుళాయి తెరిచే ఉంచాలి, నీళ్ళు రాకపోయినా.

కరెంటు ఇక రాదని తేలితే మాత్రం మంత్రం ఒకటే, ఖాళీ చేయడం. మోటారు బ్రేకర్ దించి, ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వ్ తిప్పి, ఇంట్లో కుళాయిలన్నీ తెరవడం. నీళ్ళు లేని పైపుని చలి ఏం చేస్తుంది? ఫిల్టర్ గిన్నె విప్పి పక్కన పెట్టాలి, ఆ గాజులాంటి ప్లాస్టిక్ అన్నిటికన్నా ముందు చిట్లుతుంది. ఇదంతా తెలిసి కూడా టబ్బులో నాలుగు బిందెల నీళ్ళు ముందే పట్టుకోనివాళ్ళుంటారు, వాళ్ళకి ఏం చెప్పగలం.

తోటలో పొడవాటి ఇనప హైడ్రెంట్ ఈ ఖాళీ చేసే పని తనంతట తనే చేసుకుంటుంది. పిడి దించగానే పైనున్న నీళ్ళు భూమిలోని చిన్న రంధ్రంలోంచి కంకరలోకి దిగిపోతాయి. పని చేస్తోందో లేదో చూడాలంటే, కట్టిన వెంటనే మూతికి అరచెయ్యి ఆనించాలి. లోపలికి పీల్చినట్టు తగులుతుంది. తగలకపోతే రంధ్రం మూసుకుపోయిందనో, హోసు అట్లాగే వదిలేశారనో అర్థం. మా మామగారు వెళ్ళేలోగా మా వీధిలో తెలిసినవాళ్ళ హైడ్రెంట్లన్నిటికీ చెయ్యి ఆనించి చూసి, రెండింటికి హోసులు విప్పించారు.