ముదిరిపోయిన రైతులు

రేడియోకో డాక్యుమెంటరీకో వ్యాఖ్యానం రాసేటప్పుడు నేను పేరాలు కట్టను. ఒక ఊపిరికి సరిపడా మాటలు ఒక వరుసలో పెడతాను. కాగితం చూసినవాళ్లు "ఏంటండీ, వచన కవితా?" అంటారు. కవితకు డబ్బులెవరిస్తారు!

వరుస విరిచే పని కంప్యూటర్‌కి వదిలేస్తే అది మార్జిన్ చూస్తుంది గానీ అర్థం చూడదు. "వానలు ఆలస్యమవడంతో నారు" దగ్గర ఆగిపోయి, కింది వరుసను "ముదిరిపోయిన రైతులు" అంటూ ఎత్తుకుంటుంది. చదివే గొంతు ఆ అంచున ఏమాత్రం తడబడినా ముదిరింది నారు కాదు, రైతులే. నేనైతే ఇలా పెడతాను:

వానలు ఆలస్యమవడంతో
నారు ముదిరిపోయిన రైతులు
మళ్లీ విత్తనాల కోసం
మండల కేంద్రానికి వచ్చారు.

మన వాక్యానికి క్రియ చివర్లో వస్తుంది. అందాకా గొంతు దించకూడదు. "చేసి", "వస్తే", "అయినా" లాంటి చోట్ల వరుస ఆపితే ఊపిరీ అందుతుంది, ఇంకా ఏదో ఉందని వినేవాళ్లకీ తెలుస్తుంది. అంకెల్ని మాత్రం విరవకూడదు. "రెండు వేల" పైన, "మూడు వందల ఎకరాలు" కింద పడితే లెక్క గల్లంతే.

ఇలా వరుసలు కట్టడం కొత్తేమీ కాదు. నాలుగో శతాబ్దం చివర్లో బైబిల్‌లోని యెషయా గ్రంథాన్ని హీబ్రూ నుంచి లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ ముందుమాటలోనే చెప్పుకున్నాడు: ఇది పద్యం కాదు, డెమోస్తనీస్, సిసిరో లాంటి వక్తల వచనాన్ని రాసుకునే తీరులో చదువరుల సౌకర్యం కోసం వరుసలు కట్టాను అని. ఆయన్నీ ఎవరో అడిగే ఉంటారు! 8వ శతాబ్దం తొలినాళ్లలో ఉత్తర ఇంగ్లండ్ మఠంలో తయారై, ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉన్న అమియాటినస్ ప్రతిలోనూ బైబిల్‌ను ఇలాగే రాశారు. వెయ్యికి పైగా తోలు పత్రాలు. వరుస పొట్టిదైన ప్రతిచోటా ఖరీదైన తోలు ఖాళీగా మిగిలింది. తెలిసే మిగిల్చారు.

మన తాళపత్రాల్లో ఇందుకు తలకిందులు. పద్యాన్ని కూడా ఆకు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఏకధాటిగా రాసేశారు. వృత్తమో కందమో అయితే రెండో అక్షరంలోని ప్రాసే పాదం మొదలు పట్టిస్తుంది. వచనానికి ఆ కాపలా లేదు.

స్టూడియోలో నా కాగితం చదివే ఆవిడ ముందు పెన్సిల్ తీస్తుంది. నేను విడగొట్టిన వరుసల్ని కొన్నిచోట్ల గీత గీసి కలిపేస్తుంది. చదివే ఊపిరి ఆవిడది. ఆ గీతల ప్రకారమే మళ్లీ ప్రింటు తీయిస్తాను.