కొలతకీ బిల్లుకీ మధ్య

మా తమ్ముడి కూతురు అమెరికాలో రక్షణ శాఖ కాంట్రాక్టులు చేసే ఒక కంపెనీలో ఖర్చుల లెక్కలు చూస్తుంది. ఆదివారం ఫోన్లో ఇంటి కబుర్లన్నీ అయ్యాక చెప్పింది: "పెదనాన్నా, మీరు ఇన్నేళ్ళూ పేపర్లో మొత్తుకుంటున్నది మా ఆఫీసులో జరగబోతోంది. వచ్చే ఏడాది నుంచి మేనేజర్ల బోనస్‌ని ఎర్న్‌డ్ వాల్యూ సూచీతో ముడిపెడుతున్నారు." వినగానే ప్రాణం లేచొచ్చింది. కొలవని పనికి పైసా కదలకూడదన్నది ఈ కాలమ్ మొదలైన నాటి నుంచీ నేను వదలని మాట.

నన్ను వారం వారం చదివేవాళ్ళకు రివ్యూ మీటింగుల మీద నా కోపం తెలుసు. ఒక గడిలో ఫిజికల్ ప్రోగ్రెస్, పక్క గడిలో ఫైనాన్షియల్ ప్రోగ్రెస్. పై అధికారి చూపంతా రెండో గడి మీదే. మంజూరైన దాంట్లో అరవై శాతం ఖర్చు చూపిస్తే పని అరవై శాతం అయినట్టే. అడిగేవాడుండడు. మార్చి నెలాఖరుకి ఖర్చు పరుగెడుతుంది, పని మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఎర్న్‌డ్ వాల్యూ పుట్టింది సరిగ్గా ఈ రెండు గడుల మధ్య తేడా పట్టుకోవడానికే. వంద కోట్ల పని అనుకుందాం. ఈ నెలాఖరుకి నలభై కోట్ల పని జరగాలని ప్లాను. ఖర్చు కూడా సరిగ్గా నలభై అయింది. మన మీటింగులో అయితే శభాష్ అంటారు. కానీ ఇప్పటివరకు నిజంగా పూర్తయిన పనికి మొదట్లో ప్లానులో వేసుకున్న విలువ ముప్పై కోట్లే. ఆ ముప్పయ్యే సంపాదించిన విలువ. దాన్ని అయిన ఖర్చు నలభైతో భాగిస్తే వచ్చే 0.75 ఆ సూచీ. అంటే రూపాయి పెడితే ముప్పావలా పని జరుగుతోంది. ఇదే తీరున సాగితే వంద కోట్ల పని నూట ముప్పై మూడుకు తేలుతుంది.

అమెరికా వైమానిక దళం మినిట్‌మన్ క్షిపణి పనుల్లో నేర్చుకున్న ఈ పద్ధతిని రక్షణ శాఖ 1967లో 35 నిబంధనలుగా పెద్ద కాంట్రాక్టర్లందరికీ పెట్టింది. తర్వాత పరిశ్రమ వాటిని 32 చేసి ఈఐఏ-748 అనే ప్రమాణంగా మార్చుకుంది. 1990ల్లో ఆ కాంట్రాక్టుల లెక్కలు పరిశీలించినవాళ్ళకు ఒక సంగతి కనిపించింది. పని ఇరవై శాతం దాటాక ఈ సూచీ పదిశాతానికి మించి అటూ ఇటూ కదలదు. తొలి రోజుల్లో పడిన లోటు చివర్లో పూడుతుందన్న హామీ దాదాపుగా నెరవేరదు. ఒక్క భాగహారంతో అంత ముందుగా తెలిసే కబురు ప్రభుత్వాల చేతిలో ఇంకొకటి ఉందని నేననుకోను.

మరి బోనస్ దానికి ముడిపెడితే మంచిదేగా? ఆదివారం నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత నాకు బారో పిట్లు గుర్తొచ్చాయి.

అసిస్టెంట్ ఇంజినీరు(ఏఈ)గా నా మొదటి పోస్టింగు ఒక కాలువ గట్టు పని మీద. చేతికి ఎం-బుక్కు, అంటే కొలతల పుస్తకం ఇచ్చారు. ప్రతి పేజీకీ అచ్చేసిన నంబరు. పేజీ చింపడానికి వీల్లేదు. తప్పు రాస్తే చెరపకూడదు, గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. పొడవు, వెడల్పు, లోతు అక్కడే నిలబడి, టేపు పట్టించి రాయాలి. నేను రాసినదాన్ని నా పై ఇంజినీరు డీఈ వచ్చి చెక్ మెజర్‌మెంట్ చేస్తేనే రన్నింగ్ బిల్లు కదిలేది. ఆ పుస్తకాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

గట్టుకి మట్టి పక్క పొలాల్లో తవ్వేవాళ్ళు. ఆ గోతులే బారో పిట్లు. ఎంత మట్టి తీశారో తెలియాలంటే తవ్విన గోతి లోతు కావాలి. అందుకని గోతి మధ్యలో అక్కడక్కడా తవ్వకుండా మట్టి దిబ్బలు వదిలిపెట్టించేవాళ్ళం. దిబ్బ పైభాగం పాత నేల, అడుగు కొత్త గొయ్యి. రెంటి మధ్యా టేపు పెడితే లోతు. దిబ్బ నెత్తిన పాత పచ్చిక అలాగే ఉండాలన్నది నియమం.

మా దగ్గర ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు ఉండేవారు. చదువు తక్కువ, నేల తెలిసిన మనిషి. ఒక ఉదయం నేను దిబ్బకి టేపు పెట్టబోతుంటే, "ఆగండి సార్" అని పార తీసుకుని దిబ్బ పక్కగా పలచగా చెక్కారు. లోపల అడ్డంగా ఒక గీత. గీత కింద నేల నల్లగా, గట్టిగా ఉంది. పైన అడుగు మందాన వేరే రంగు మట్టి. పచ్చిక వేళ్ళు బెత్తెడు లోతున అన్నీ ఒకే చోట తెగి ఉన్నాయి. రాత్రి మట్టి తెచ్చి పోసి, తడిపి, కొట్టి, ఎక్కడి నుంచో పచ్చిక పెళ్ళలు కోసుకొచ్చి పరిచారు. దిబ్బ అడుగు పెరిగితే గోతి లోతు అడుగు పెరుగుతుంది, గొయ్యి మొత్తానికీ బిల్లు పెరుగుతుంది. "వేళ్ళు అబద్ధం చెప్పవు సార్" అన్నారాయన. ఆ రోజు నుంచి పార లేకుండా నేను కొలతకి వెళ్ళలేదు.

అది బయటివాళ్ళ మోసం. లోపలి ఒత్తిడి వేరు. మార్చిలో ఫోన్ వచ్చేది: "నిధులు మురిగిపోతాయి, మిగిలిన రెండు వందల మీటర్లు కూడా ఎక్కించెయ్యండి, ఏప్రిల్లో ఎలాగూ చేస్తారు కదా." ఆ పైఅధికారికి అందులో సొంత లాభం ఉందనుకోను. నిధులు వెనక్కి పోతే ఆయన్ని తిడతారు. కాంట్రాక్టరుకి డబ్బు, అధికారికి మాట. కొలత పెరగాలని కోరుకోవడానికి ఎవరి కారణం వాళ్ళకుంది. కొలత తగ్గితే లాభపడే మనిషి ఆ గట్టు మీద ఒక్కడూ లేడు. అయినా ఆ పద్ధతి నిలబడిందంటే పచ్చిక వేళ్ళ వల్ల. ఎవరైనా, ఎప్పుడైనా వెళ్ళి, పారతో చెక్కి చూడగల సాక్ష్యం అక్కడే ఉంటుంది.

మా అమ్మాయి ఆఫీసులో ఆ పార దేనికి తగిలించాలి? మరునాడు నేనే ఫోన్ చేసి అడిగాను. ఒక భాగం డిజైన్‌కి యాభై డ్రాయింగులు ఉన్నాయనుకోండి అంది. డ్రాయింగు విడుదలైతే దాని విలువ జమ. కొన్నాళ్ళకు నమూనాకి పరీక్ష పెడితే పగులుతుంది, ఇరవై డ్రాయింగులు మళ్ళీ గీయాలి. మొదట జమైన విలువ మాత్రం ఖాతాలో అలాగే ఉంటుంది. "వెనక్కి తియ్యొచ్చు పెదనాన్నా. కానీ ఆ నెల సూచీ పడిపోతుంది. అందుకని ఎవరూ ఆ ఊసెత్తరు." పర్యవేక్షణ, మీటింగులు, సమన్వయం లాంటి పనులకైతే నెల గడిస్తే చాలు, ప్లానులో వేసుకున్నదంతా సంపాదించినట్టే. దాన్ని లెవల్ ఆఫ్ ఎఫర్ట్ అంటారు. పని ఎంతయిందో చెప్పేది ఆ పని చేయించే మేనేజరే. ఈఐఏ-748 ప్రమాణమే ఒప్పుకుంటుంది, ఎర్న్‌డ్ వాల్యూ కొలిచేది పని పరిమాణాన్నేనని, నాణ్యత చూసుకోవాల్సింది వేరే పద్ధతులని. అంటే అభివృద్ధి దశలో ఈ అంకె చాలావరకు నిజాయితీ గల మనిషి ఇచ్చే అభిప్రాయం. దాని మీద బోనస్ పెడితే ఆ నిజాయితీకే వెల కట్టినట్టు.

ఏ-12 కథ ఇందుకే నాకు అంత ముఖ్యం. అమెరికా నౌకాదళం కోసం మెక్‌డొనెల్ డగ్లస్, జనరల్ డైనమిక్స్ కలిసి చేయాల్సిన రహస్య దాడి విమానం. 1988 జనవరిలో కాంట్రాక్టు, గరిష్ఠ పరిమితి దాదాపు 480 కోట్ల డాలర్లు. 1990 ఏప్రిల్లో రక్షణ మంత్రి డిక్ చెనీ పని సవ్యంగానే ఉందని కాంగ్రెస్‌కు చెప్పారు. జూన్ మొదట్లో కంపెనీలే వచ్చి పరిమితి దాటిపోతున్నామన్నాయి. 1991 జనవరి 7న చెనీ దాన్ని రద్దు చేశారు. ఒక్క విమానం ఎగరలేదు. కోర్టు తగాదా 2014లో రాజీతో ముగిసింది.

మధ్యలో నౌకాదళం చేయించిన విచారణ తేల్చిందేమిటంటే, ఇలా జరిగింది లెక్కలు లేక కాదు. నెలనెలా వచ్చే ఎర్న్‌డ్ వాల్యూ నివేదికల్లో వెనకబాటు, అధిక ఖర్చు రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. వాటి నుంచి వందకోట్ల డాలర్ల మేర మించుతుందని లెక్కతేల్చిన విశ్లేషకురాలు కూడా పెంటగాన్‌లోనే ఉంది. ఆ కబురు పైకి వెళ్ళలేదు. చెడు వార్త చెప్పినవాడికే చేటు అనే అలవాటు దాన్ని దారిలో ఆపేసింది.

ఇంకొకటి ఉంది, అది నాలాంటి బిల్లుల మనిషికే తడుతుంది. అలాంటి కాంట్రాక్టుల్లో అయిన ఖర్చులో ఇంత శాతమని ప్రభుత్వం ఎప్పటికప్పుడు చెల్లిస్తుంది. పని నష్టంలో తేలబోతోందని అంచనా వస్తే, ఆ నష్టం నిష్పత్తిలో అప్పటి నుంచే చెల్లింపులకు కోత పడుతుంది. నియమం న్యాయంగానే కనిపిస్తుంది. కానీ దాని కింద నిజమైన అంచనా రాసిన కాంట్రాక్టరు ఆ నెలే డబ్బు పోగొట్టుకుంటాడు, ఆశగా రాసినవాడికి డబ్బు వస్తూనే ఉంటుంది. మా కాలువ మీద దిబ్బ నెత్తిన మట్టి పోయించినదీ ఇలాంటి లెక్కే. తేడా ఏమంటే, అక్కడ చెక్కి చూడ్డానికి దిబ్బ ఉంది.

బోనస్ ముడిపెట్టొద్దని ఇప్పుడు నేనంటున్నాను. మట్టిపనికి, కాంక్రీటుకి, లెక్కపెట్టగలిగే దేనికైనా కొలత మీదే డబ్బు కదలాలి. అందులో నా మాట మారలేదు. ఇంకా తయారుకాని వస్తువు సంగతి చెప్పే సూచీకి మాత్రం డబ్బు తాకకూడదు. తాకిన రోజున అది హెచ్చరించడం మానేస్తుంది.

సూచీ అన్నీ చెబుతుందని కూడా కాదు. మినిట్‌మన్ స్థానంలో వస్తున్న సెంటినెల్ క్షిపణి ఖర్చు 2024 జులైలో దాదాపు 14,090 కోట్ల డాలర్లకు తేలింది. 2020 అంచనా కన్నా 81 శాతం ఎక్కువ. పెరిగిందాంట్లో అధిక భాగం క్షిపణిలో లేదు, నేల మీది ప్రయోగ కేంద్రాల్లో ఉంది. పాత సైలోలనే బాగుచేసి వాడుకోవచ్చన్న ఊహ నిలవలేదు, కొత్తవి తవ్వాలని వైమానిక దళం 2025లో చెప్పింది. ప్లాను కింద ఉన్న ఊహే తప్పితే, ఆ ప్లానుతో పోల్చి తీసిన ఏ నిష్పత్తీ ఆ సంగతి పట్టుకోలేదు. ప్లాను తప్పిందని చెప్పగలిగేది మనిషే, చెప్పినందుకు నష్టపోకుండా ఉంటే.

శిక్ష అసలు వద్దనడం లేదు. 2010లో ఫోర్ట్‌వర్త్‌లో ఎఫ్-35 యుద్ధవిమానం లెక్కల పద్ధతి సరిగా లేదని లాక్‌హీడ్ మార్టిన్‌కిచ్చిన ఆమోదాన్ని రక్షణ శాఖ వెనక్కి తీసుకుంది, తర్వాత బిల్లుల్లో ఐదు శాతం ఆపింది కూడా. అది సరైన పని. అక్కడ శిక్ష పడింది లెక్క పెట్టే తీరుకి, వచ్చిన అంకెకి కాదు. అదే గీత అన్నిచోట్లా గీయాలి. డ్రాయింగు విడుదలకు కొంతే జమచేసి, మిగతాది పరీక్ష నెగ్గాకే ఇవ్వాలి. కంపెనీ అంచనా పక్కనే ప్రభుత్వ విశ్లేషకుల అంచనా అదే కాగితం మీద, అదే నెలలో మంత్రికీ కాంగ్రెస్‌కీ చేరాలి, మధ్యలో ఎవరి సంతకమూ అక్కర్లేకుండా. ఇక నష్టపు కోత నియమం. నష్టం రాబోతోందని తనంతట తాను ముందు రాసిచ్చిన కాంట్రాక్టరుకి ఆ కోతని కొన్ని నెలలు వాయిదా వెయ్యాలి. తెలిసీ దాచినట్టు తేలినవాడికి, దాచిన నెల నుంచీ లెక్కగట్టి, వడ్డీతో వసూలు చెయ్యాలి.