టెస్టరు పట్టిన చెయ్యి

నల్లజర్లలో పాత ఇల్లు కొంటే గోడలతోపాటు పాత యజమాని సొంత తెలివీ మనకే వస్తుంది. ఎలక్ట్రీషియన్ స్విచ్ బోర్డు విప్పితేగానీ అది బయటపడదు. ఫ్యూజులో సన్న తీగ బదులు మూడు పేటల రాగి తీగ చూసి, "ఆయ్, ఇది ఫ్యూజు పోకుండా వేశారండి, ఇల్లు పోకుండా కాదు" అంటాడు. లోడెక్కువైనా ఫ్యూజు తెగదు. గోడలోని వైరు కాలుతుంది.

అతని పనితనమంతా టెస్టరు దగ్గరే. బల్బు ఆర్పాక కూడా హోల్డరులో టెస్టరు వెలిగిందంటే, స్విచ్చి ఫేజుకు కాక న్యూట్రల్‌కు వేశారన్నమాట. దీపం ఆరినా 230 వోల్టులు అక్కడే కాచుకుని ఉంటాయి.

కుళాయి పైపుకు కట్టిన ఎర్తు ఊడదీసి, పెరట్లో గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి పైపు దించుతాడు. కొల్లేటి పక్క నేలకు చెమ్మ ఉంటుంది, ఇక్కడిది మెట్ట. అందుకే వేసవిలో గోతిలో నీళ్లు పోస్తుండమని మరీమరీ చెబుతాడు.

పెయింటరు పని పదిమందీ మెచ్చుకుంటారు. ఇతని పని గోడలో ఉండిపోతుంది. కనీసం కూలి దగ్గర బేరమాడకపోవడం మర్యాద.